పెద్దమ్మ కడిగిన వాగు

ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు వార్డులు శుభ్రం చేయించి రిటైరైన పెద్దమ్మకి (వీధి మొత్తానికీ ఆమె పెద్దమ్మే) తనిఖీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంటి వెనక వాగుని చూడటానికి సోమవారం అధికారిణి వస్తోందనగానే నడుం బిగించింది.

ఆ వాగుని గొట్టంలోకి మళ్లించి పైన కార్ల పార్కింగు కట్టాలని ఓ బిల్డరు ఎత్తు. పోయినదానికి బదులు ఊరవతల ఇంకో వాగుని బాగుచేసిస్తాడట. "నా పన్ను పీకి పక్కవాడికి కట్టిస్తే నేను నమలగలనా?" అనేది పెద్దమ్మ. తనిఖీలో వాగుకి వందకి అరవై మార్కులొస్తే మాత్రం బిల్డరు దాని జోలికి రాకూడదని రూలు.

రెండు రోజులు ఆమె వంచిన నడుం ఎత్తలేదు. కుళ్లిన ఆకులు గోనెసంచులకెత్తింది, పడిన కొమ్మలు లాగేసింది. రాళ్లన్నీ బయటికి తీసి, పాచి పోయేలా బ్రష్షుతో రుద్ది, మెట్లమీద పేర్చింది. వాగు ఆపరేషన్ గదిలా మెరిసిపోయింది.

అధికారిణి చిన్నది, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. వలతో నాలుగుసార్లు నీళ్లు దేవి తెల్లటి ట్రేలో దులిపింది. ఒక్క పురుగూ లేదు.

"ఎంత శుభ్రంగా ఉందో చూశావా తల్లీ," అంది పెద్దమ్మ.

"మార్కులు ఆ పురుగులకేనండీ. రాళ్లకింద, కుళ్లిన ఆకుల్లో అవి బతుకుతాయి. మీరు వాటి ఇళ్లన్నీ తీసేశారు."

ముప్పై ఒకటి వేసింది. పెద్దమ్మ ప్రాణంలా చూసుకున్న వాగుకి చేజేతులా గొయ్యి తవ్వింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడవకండి. ఈమధ్యే కదిపిన వాగుని మూడు నెలలాగి మళ్లీ చూడాలని రూల్లోనే ఉంది. అన్నీ తిరిగి వేసేయండి. పురుగులు ఎగువనుంచి కొట్టుకొస్తాయి. రాళ్లు ఎలా వేసినా పర్లేదు."

"ఎలా పడితే అలా ఎందుకేస్తాను?" ముక్కు తుడుచుకుని పెద్దమ్మ నీళ్లలోకి దిగింది. "ఆ నల్లమచ్చ రాయి అందుకో, చెట్టు వేరు పక్కన ఉండేది. పలకరాయి మా ఆయన కాళ్లు కడుక్కునేది, కాస్త వాలుగా పెట్టాలి."

చీకటిపడేదాకా అధికారిణి రాళ్లందిస్తూనే ఉంది. ఏది ఎక్కడిదో పెద్దమ్మ ఒక్కదానికీ తడుముకోలేదు.

మూడు నెలలు పెద్దమ్మ చేతులు కట్టేసుకుని కూర్చుంది. అంతకన్నా కష్టమైన పని ఆమె జన్మలో చేయలేదు. అధికారిణి వచ్చి మళ్లీ వల వేస్తే ట్రేలో పదకొండు రకాల పురుగులు కదిలాయి. అరవై మూడు.

వార్డులో పురుగన్నదాన్ని బతకనివ్వని మనిషి, ట్రేని రెండు చేతులా జాగ్రత్తగా అందుకుంది.

"ఏయే రాళ్లకింద పట్టావో చెప్పు తల్లీ," అంది. "ఎవరింటికి వాళ్లని చేర్చాలి."