మగ్గం గుంటలో మోటరు

"మెయిన్ బందు జెయ్యిన్రి! ముందుగాల మెయిన్!"

మోకాలి లోతు నీళ్లలో కొండవ్వ ఇంటింటి తలుపూ బాదుతోంది. సిద్దిపేట అంచున మా చెరువు నిండి మత్తడి దూకింది. ఆ నీళ్లు పోవాల్సిన కాలువ ఇప్పుడు లేదు. దాన్ని మొరంతో పూడ్చి, ప్లాట్లు చేసి, అడ్డంగా గోడ లేపారు. గోడకు కొట్టుకున్న నీళ్లు వెనక్కి తిరిగి మా నేతగాళ్ల కాలనీ మీద పడ్డాయి.

పోయినేడూ ఇలాగే మునిగాం. అప్పుడు ఏం చేయాలో తెలియలేదు. ఆ తర్వాత కొండవ్వ సంఘం పెట్టి అందరికీ నేర్పింది. మబ్బు ముసరగానే బియ్యం, మందులు, కాగితాలు అటక మీదికి ఎక్కాలి. గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసి, బండను కిటికీకి కట్టెయ్యాలి. కట్టెకు చుట్టిన నిలువు పోగులను, అంటే పడుగును, మగ్గం మీంచి విప్పి, ప్లాస్టిక్ కవరు చుట్టి దూలానికి వేలాడదీయాలి. నీళ్లు తీశాక కూడా లైన్‌మన్ వచ్చి చూసేదాకా ఎవరూ కరెంటు జోలికి పోవద్దు.

"దత్తాత్రీ, పడుగు గట్టినవారా?"

"గట్టిన అవ్వా. దూలానికి తొట్టెల లెక్క ఊగుతుంది. నాకన్న దానికే సుఖమున్నది."

"పెండ్లాం మునిగినా ఫికరు లేదు ఈయనకు, పడుగు తడువద్దు," అంది రమ్య, నెత్తిన మూటతో. నీళ్లలో నిలబడి కూడా నవ్వింది.

అందరం బడి డాబా ఎక్కాం. ఒక్క ప్రాణం పోలేదు. వాన ఆగేసరికి డాబా మీదే మీటింగు మొదలైంది.

"గోడ గూలగొడుదాం. గడ్డపారలు మనకు లేవా?"

"గూలగొట్టినంక నూలు ఎవడిస్తడు? నీ అయ్యనా?"

"గా సావుకారి గోడ గట్టవట్టే గదా మనం మునిగింది!"

"నిమ్మలంగ మాట్లాడు. వినవడ్తది."

గోడ కట్టిందీ, మాకు నూలు ఇచ్చి నేయించేదీ ఒక్కడే. మాలో నూలిచ్చే మనిషి పేరు పలకరు. తాతల నాటి నుంచి అంతే, 'సావుకారి' అంటారు. పెళ్లి కార్డు మీద కూడా అలాగే అచ్చు వేయిస్తారు. డాబా మీద అంత మందిమి గొంతు చించుకున్నాం. పేరు మాత్రం ఒక్క నోటి నుంచీ రాలేదు. మర్యాద అనుకునేవాళ్లం. అది భయం.

నీళ్లు వీధుల్లోంచి తీశాయి. ఇళ్లలో మగ్గం గుంటలు మాత్రం నిండుగా ఉన్నాయి. నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంట అది. సంఘం కట్టుబాటు ప్రకారం బకెట్లతోనే తోడుతున్నాం. అంతలో వెంకటేశ్ ట్రాలీ ఆటోలో మోటరు వేసుకొచ్చాడు. మా కాలనీవాడే. ఇప్పుడు సావుకారి దగ్గర పని.

"తహసీల్దార్ మేడం వస్తుందట. నీళ్లు జూస్తే గోడ సంగతి అడుగుతదని, ఆమె వచ్చేటాల్లకు ఏ ఇంట్ల నీళ్లుండద్దన్నడు సావుకారి. మోటరు పంపిండు."

"కరెంటేడిదిరా? అందరి మెయిన్లు బందున్నయి," అంది కొండవ్వ.

"మెయిన్‌తోని పనేంది? స్తంభం మీది తీగెకు కొండి ఏసిన."

"లైన్‌మన్ రాకుండనా? తీసెయ్‌రా. తడి గోడలు, అతుకుల వైరు. సస్తరు!"

"నాకు జెప్పకు అవ్వా. ఎవరింట్ల నీళ్లు గనవడితే ఆల్లకు నూలు బందన్నడు."

కొండవ్వ వైరు పట్టుకున్న అతని చేతికి అడ్డం పడింది. నూలు బందనే మాట విన్న మగవాళ్లు ఆమెనే పక్కకు లాగారు. లాగింది మేమే. ఇది రాయకుండా ఈ కథ రాయకూడదు.

మొదటి ఇల్లు దత్తాత్రిది. అతను అప్పటికే గుంటలోకి దిగాడు. నీళ్లు నిలిచి నానితే గుంట గోడలు కూలిపోతాయి. నేతగాడికి ఇల్లు తర్వాత, గుంట ముందు. నడుము లోతు నీళ్లలో నిలబడి మగ్గాన్ని ఆడించే తొక్కుడు కట్టెలను అరికాళ్లతో వెతుకుతున్నాడు.

"దొరికినయే రమ్యా! రెండూ ఉన్నయి!"

వెంకటేశ్ మోటరు గుంటలోకి దించాడు. "పైకి రా అన్నా," అన్నాడు. ఆ మాట పూర్తికాక ముందే వీధిలో ఎవరో మోటరు స్విచ్చి వేశారు.

దత్తాత్రి అరవలేదు. వీపు విల్లులా వంగింది. పళ్లు బిగుసుకున్నాయి. రమ్య దూకబోతే కొండవ్వ జుట్టు పట్టి వెనక్కి గుంజింది.

"ముట్టకు! నువ్వూ పోతవు! పొడి కట్టె! పొడి కట్టె ఏదన్న ఉన్నదా?"

ఆ ఇంట్లో పొడిగా ఉన్నది ఒక్కటే. రమ్య దూలానికి వేలాడుతున్న పడుగును లాగింది. కవరు చించి, పోగులు తెంపి, లోపలి కట్టె ఊడబెరికి వైరును కొట్టింది. రెండో దెబ్బకు అతుకు ఊడింది.

దత్తాత్రి గుంట గోడకు జారగిలబడ్డాడు. మగ్గం మీద కూర్చున్నట్టే ఉన్నాడు. పైకి తీశాక కొండవ్వ అతని ఛాతీ ఒత్తుతూనే ఉంది. ప్రాణం రాలేదు.

తహసీల్దార్ జీపు, సావుకారి కారు ఒకేసారి వచ్చాయి. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టాం. సావుకారి తెల్ల చొక్కాకు బురద అంటకుండా దూరంగా నిలబడ్డాడు.

"స్తంభానికి కొండి వేసింది ఎవరు?" అని అడిగింది తహసీల్దార్, పైన వేలాడుతున్న కొండిని చూసి.

"ఇంకెవరు మేడం, గా సచ్చినోడే," అన్నాడు సావుకారి. "దొంగ కరెంటు. ఈల్లకు అలవాటే."

వెంకటేశ్ తల దించుకున్నాడు. సావుకారి రమ్య తల మీద చెయ్యి పెట్టాడు. "అవునని జెప్పు బిడ్డా. నూలుకు నేనున్న."

రమ్య ఆ చెయ్యి విసిరికొట్టింది. ఆమె చేతిలో ఇంకా ఆ కట్టె ఉంది. దాని చుట్టూ తెగిన పోగులు వేలాడుతున్నాయి.

"నా మొగడు దొంగ గాదు. మోటరు సావుకారి పంపిండు. కొండి సావుకారే ఏపిచ్చిండు."

"మేడం, సావుకారులు మస్తుమంది ఉంటరు," అని నవ్వాడు అతను.

తహసీల్దార్ పెన్ను ఆగింది. "ఏ సావుకారి? పేరు కావాలి."

అది రమ్య పుట్టినప్పటి నుంచీ పలకని పేరు. ఆమె ఒకసారి అరుగు వైపు చూసింది.

"కర్ణాకర్," అంది. "మా కాలువ పూడ్చింది కర్ణాకర్. గోడ గట్టింది కర్ణాకర్. నా మొగణ్ని సంపింది కర్ణాకర్."

"సాక్షి ఎవరు?" సావుకారి గద్దించాడు. "నూలు తినెటోళ్లల్ల ఎవడున్నడు సాక్షి?"

వెంకటేశ్ తలెత్తాడు. మోటరు నుంచి తీసి చేతిలో చుట్టుకున్న వైరు కింద పడేశాడు. "నేనున్న. కొండి ఏసింది నేనే. ఎయ్యమన్నది కర్ణాకర్."

కొండవ్వ గడ్డపార అందుకుంది. ఆమె వెనక మరో పార లేచింది, మరొకటి లేచింది. గోడ వైపు తిరిగిన ప్రతి నోటా ఒక్కటే పేరు.

"కర్ణాకర్!"