ధవళేశ్వరం మేడ మీద శుక్ర మూఢమి

నేను ఒక మౌంటును. అంటే టెలిస్కోపును కాదు, దాన్ని భుజాన మోసుకుని ఆకాశమంతా తిప్పే యంత్రాన్ని. జనం వచ్చి, గొట్టానికి కన్ను పెట్టి, అబ్బా అని, గొట్టాన్నే మెచ్చుకుని వెళ్ళిపోతారు. కింద రెండు మోటార్లతో, ఒక బుల్లి కంప్యూటరుతో, ఆ బరువంతా మోస్తున్న నా వైపు ఒక్కరూ చూడరు. నిష్ఠూరం కాదు, ఉన్న మాట చెబుతున్నాను. భూమి ఒక్క క్షణం ఆగదు కాబట్టి నాకూ ఆగే వీలు లేదు. చుక్క నిలకడగా కనిపించాలంటే నేను నిలకడ లేకుండా తిరగాలి. పుట్టుకతో వచ్చిన ఈ ఆరాటం వల్లనేమో, మనుషుల నింపాది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎక్కడో పరదేశంలో, సముద్రం పక్క ఫ్యాక్టరీలో పుట్టాను. ఒక అమ్మాయి నా పళ్ళచక్రాలకు గ్రీజు పూసి, అటూ ఇటూ తిప్పి, సరే అన్నట్టు తలూపి అట్టపెట్టెలో పెట్టింది. పెట్టె తెరిచేసరికి హైదరాబాదులో పదమూడో అంతస్తు బాల్కనీ. కొన్నాయన సాఫ్టువేరు ఉద్యోగి. నేను అడిగేవి నాలుగే నాలుగు ప్రశ్నలు. ఇది ఏ ఊరు, ఇవాళ ఏ తేదీ, ఇప్పుడు టైమెంత, ఉత్తరం ఎటు? ఇవి సరిగ్గా చెబితే మిగతాది నేను చూసుకుంటాను. ఆయన మన దేశపు టైము ప్రపంచ ప్రామాణిక టైముకంటే అయిదున్నర గంటలు ముందుందని చెప్పాల్సిన చోట అయిదు అని నొక్కి, అరగంటదేముందిలే అనుకున్నాడు. గురుగ్రహం చూపించమంటే నేను ఎదుటి అపార్టుమెంటులో ఒకావిడ వంటిల్లు చూపించాను. ఆయనకు భయమేసి నన్ను కట్టిపెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళు నా మూడు కాళ్ళ మీద తువ్వాళ్ళు ఆరాయి.

అక్కణ్ణుంచి ఒక ప్రైవేటు స్కూలు నన్ను కొన్నది. అద్దాల బీరువాలో పెట్టి, ఇన్‌స్పెక్షను రోజున తుడిచి చూపించేవారు. ఏటా ఆయుధపూజకు మాత్రం బయటికి తీసి, బంతిపూల దండ వేసి, నా ఒళ్ళంతా కుంకుమ బొట్లు పెట్టేవారు. భక్తి మంచిదే. కానీ కుంకుమ గ్రీజులో కలిస్తే ఏమవుతుందో నా పళ్ళచక్రాలను అడగండి. మూడు పూజలయ్యేసరికి నేను తిరిగితే పిండిమర చప్పుడు వచ్చేది. చివరికి పాడైందని ఒక మూల పడేశారు. ఆ మూలలో నన్ను చూసి, బేరమైనా ఆడకుండా తీసుకుపోయిన మనిషి ఇవటూరి మంజువాణి.

మంజువాణి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. నలభై దగ్గర పడిన మనిషి. ధవళేశ్వరంలో, గోదావరి గట్టు పక్కన, తండ్రితో ఉంటుంది. నా మర మరా విప్పి, పాత టూత్‌బ్రష్షుతో కుంకుమ అంతా గోకి, కొత్త గ్రీజు పెట్టింది. అంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్నవాళ్ళు ఫ్యాక్టరీ అమ్మాయి తర్వాత ఈవిడే. నాకు ఆవిడంటే ఇష్టం ఏర్పడిపోయింది, దాచడం దేనికి.

తండ్రి కామేశ్వర సిద్ధాంతి గారు పంచాంగకర్త. నాలుగు తరాలుగా ఆ ఇంటి పంచాంగం చుట్టుపక్కల ఊళ్ళలో పురోహితుల చేతుల్లో ఉంది. అట్ట మీద ఎప్పటిలా సిద్ధాంతి గారి పేరే ఉన్నా, ఆ ఏడాది మొదటిసారిగా లోపలి పేజీలో 'గణితం: ఇవటూరి మంజువాణి' అని అచ్చయింది. అచ్చువేసే ప్రెస్సు యజమాని గున్నేశ్వరరావుకు అది మింగుడుపడలేదు. ఆడమనిషి లెక్క అంటే పురోహితులు కొనరని నసిగాడు. సిద్ధాంతి గారు ఆయన నోరు మూయించడానికి, ఈ లెక్కలో శుక్ర మూఢమి ఒక్క రోజు తప్పినా వచ్చే ఏడు ఒక పేరు తీసేద్దామని నలుగురిలో మాట ఇచ్చేశారు. పక్క గదిలో మంజువాణి విన్నది. నన్ను కొన్నది ఆ తర్వాతే.

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరైపోయి కంటికి కనబడని రోజుల్ని మూఢమి అంటారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. మళ్ళీ కనబడిన రోజుతో మూఢమి తీరుతుంది. అందరూ లెక్క వేసి ఊరుకుంటారు. ఇవటూరి వారు మాత్రం లెక్క వేసిన రోజున మేడెక్కి, కంటితో చూసి, ఒక పాత పుస్తకంలో 'కనబడినది' అని రాసి సంతకం పెడతారు. అది వాళ్ళ ఇంటి ఆచారం. ఈసారి కార్తీకంలో, నవంబరు పన్నెండు గురువారం సాయంత్రం పడమట కనబడతాడని మంజువాణి లెక్క. పట్నంలో అచ్చయిన ఇంకో పంచాంగం వచ్చే సోమవారం దాకా మూఢమే అన్నది. మధ్యలో శనివారం, కొప్పిశెట్టి వీర్రాజు కూతురి పెళ్ళి. సిద్ధాంతి గారు పెట్టిన ముహూర్తం. మగపెళ్ళివారు ఆ రెండో పంచాంగం చూసి బెట్టు చేస్తున్నారు.

సిద్ధాంతి గారికి చూపు తగ్గింది. పొద్దుగూకాక ఆకాశం మీద ఫలానా చోట చూడండి అని వేలు పెట్టి చూపించేవాళ్ళు కావాలి. ఆ వేలు నేను. సూర్యుడు కుంగాక శుక్రుడు ఉండేది అరగంట పైచిలుకు. గోదావరి అవతల మసకలో వెతుక్కుంటూ కూర్చుంటే దిగిపోతాడు. మంజువాణి మూడు రోజులు ముందే, సోమవారం నాడే, నన్ను మేడ మీద నిలబెట్టింది. నీటిమట్టం పెట్టి కాళ్ళు సరిచేసింది. గొట్టాన్ని తూర్పు పిట్టగోడ వెంబడి ఉత్తరానికి తిప్పింది. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా మూత తియ్యలేదు. తీసి, శుక్రుడు అని నొక్కింది.

దిగంతం కింద ఉన్నాడు అని చెప్పాను.

సిద్ధాంతి గారి మొహం పాలిపోయింది. యంత్రం కూడా మూఢమే అంటోందని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయారు. మంజువాణి అన్నం తినలేదని మర్నాడు ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను. తప్పు తెల్లారాక పట్టుకుంది. నేను నెల ముందు, తేదీ తర్వాత చెప్పమంటాను. నన్ను చేసినవాళ్ళ అలవాటు అది. ఆవిడ మనవాళ్ళ అలవాటున తొమ్మిది, పదకొండు అని నొక్కింది. నవంబరు తొమ్మిది అనుకుని ఆవిడ చెప్పింది, సెప్టెంబరు పదకొండు అని నేను నమ్మాను. సెప్టెంబరులో శుక్రుడు సూర్యుడికంటే ముందే దిగిపోతాడు మరి. నేను అబద్ధం చెప్పలేదు, చెప్పిన రోజుకు నిజమే చెప్పాను. నా బతుకంతా ఇంతే.

మంగళవారం తేదీ సరిగ్గా చెప్పింది. నేను హుషారుగా పడమటికి తిరిగి ఆగాను. గొట్టంలో ఉత్త ఆకాశం. ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఏమీ లేదు. బ్యాటరీ నీరసపడిందేమోనని ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ మోసుకొచ్చింది. ఊరి అక్షాంశ రేఖాంశాలు మళ్ళీ నొక్కింది. చుక్కలు రెండు చూపించి నాకు దిక్కు నేర్పవచ్చు గానీ, బంగాళాఖాతంలో అల్పపీడనం, చీకటి పడేసరికి మబ్బు కమ్మేస్తోంది. పడమట మాత్రమే ఒక పట్టీ మేర తెరిపి. ఫోనులో దిక్సూచి చూద్దామంటే, స్లాబు నిండా ఇనుప చువ్వలు, అడుగుకొక ఉత్తరం చూపిస్తోంది. ఆవిడ నా రిమోటు మీద నొక్కిన మీటలే మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఎక్కడో లోపముంది, అది నాలో ఉందో ఆవిడలో ఉందో తెలియదు, మోటార్లు ఊరికే గుర్రుమంటున్నాయి. అంత దుఃఖం నాకు బీరువాలో కూడా కలగలేదు.

"యంత్రం పాడైంది నాన్నా," అంది చివరికి.

"అది నువ్వు చెప్పిన చోటికే తిరుగుతుందన్నావు కదే. ఉత్తరం ఎటని చెప్పావు?" అన్నారాయన.

ఆవిడ పిట్టగోడ చూపించింది. చిన్నప్పుడు ఆ గోడ పక్కనే నిలబెట్టి దిక్కులు నేర్పింది ఆయనే. ఆయన గోడను ఈ కొస నుంచి ఆ కొసకు చూసి కిందికి వెళ్ళారు.

బుధవారం పొద్దున్నే సిద్ధాంతి గారు ఒక కర్రమేకు, సుద్దముక్క, పురికొస పట్టుకుని మేడెక్కారు. మేకును నిటారుగా నిలబెట్టి, చుట్టూ సుద్దతో వలయం గీశారు. పొద్దుట మేకు నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నం వాలాక మళ్ళీ తాకిన చోట ఇంకో గుర్తు. మధ్యలో అన్నానికి కూడా దిగలేదు. రెండు గుర్తుల మీదుగా తాడు లాగితే తూర్పు పడమరలు, దానికి అడ్డంగా ఇంకో తాడు లాగితే అసలు ఉత్తరం. కాలేజీ నుంచి వచ్చిన మంజువాణి తాడునూ గోడనూ చూసి కొయ్యబారిపోయింది. ఉత్తరానికి పోయేకొద్దీ గోడ తాడుకు కుడివైపు ఒరిగి పోతోంది. ఇరవై అడుగుల గోడలో రెండడుగుల తేడా.

ఆయన తలెత్తకుండా చెప్పారు. ముప్ఫై ఏళ్ళ కింద మేడ వేసినప్పుడు, ఈశాన్యం పెరిగితే ఇంటికి మంచిదని తాపీమేస్త్రీకి చెప్పి ఆ మూలను రెండడుగులు బయటికి జరిపించింది తనే. వాస్తుకోసం జరిపినవాడు, దిక్కుల పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి మరిచిపోయాడు. ఊరందరి గోడలూ కొలిచిన మనిషి సొంత గోడను నమ్మి కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన చేతికంటిన సుద్ద చూస్తే నవ్వలేకపోయాను.

ఆ సాయంత్రం తాడు వెంబడి నన్ను పెట్టారు. తిరిగాను, ఆగాను. మంజువాణి కన్ను పెట్టి కెవ్వుమనబోయి నోరు మూసుకుంది. గొట్టం నడిమధ్య శుక్రుడు, బియ్యపుగింజంత. గొట్టంలో కనబడ్డాడే గానీ ఉత్త కంటికి ఇంకా లేడు. రేపు గదా లెక్క అనుకుని తండ్రీ కూతురూ సంతోషంగా కిందికి దిగారు.

గురువారం వీర్రాజు కూడా మేడెక్కాడు. ఇసుక ర్యాంపు దగ్గర టీ హోటలు మనిషి, నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్ళు. మగపెళ్ళివారికి ఇవాళే జవాబు చెప్పాలి. సూర్యుడు కుంగాడు. నేను శుక్రుణ్ణి పట్టుకున్నాను, గొట్టంలో చక్కగా ఉన్నాడు. ముగ్గురూ గొట్టం వెంబడి ఉత్త కళ్ళతో ఆకాశంలోకి చూశారు. సిద్ధాంతి గారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆనకట్ట మీద దీపం వెలిగితే అదేనాండి అని వీర్రాజు ఆశపడ్డాడు. నిమిషాలు పోతున్నాయి. శుక్రుడు దిగుతున్నాడు, వాడి వెంట నేనూ దిగుతున్నాను. ఎవరో ఒకరు అవునంటే బావుండునని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఆవిడ అవునంటే కాదనగల కళ్ళు ఆ మేడ మీద లేవు.

"మంజూ, నాకు ఆనటం లేదు. నీకు కనబడ్డాడా?" అన్నారు సిద్ధాంతి గారు.

ఆవిడ శుక్రుడు మసకలో కలిసిపోయేదాకా చూసింది.

"లేదు నాన్నా. కనబడలేదు."

వీర్రాజు ప్రాణం ఉసూరుమంది. "మిషన్లో ఉన్నాడు కదండీ అమ్మాయిగారూ. ఉన్నట్టే కదండీ?"

"మిషనుకు కనబడితే మూఢమి తీరదు వీర్రాజు గారూ. కంటికి కనబడాలి," అని, తన పేరును తనే కొట్టేసుకుంటున్న సంగతి తెలిసీ, పుస్తకం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన 'కనబడలేదు' అని రాశారు. పంచాంగంలో అచ్చయిన తేదీకి ఎదురుగా ఆ పుస్తకంలో ఆ మాట పడటం అదే మొదలు. నాకు కోపం వచ్చింది. ఇంత చేసి, ఒక్క మాట కలపలేకపోయిందా అనిపించింది.

శుక్రవారం సాయంత్రం వీర్రాజు వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మాట విని ఆయన రావడానికి కారణం, నిన్న చూడబోయి లేదని చెప్పారన్న కబురే. లేనిది లేదన్నవాళ్ళు ఉంటే ఉందంటారు గదా, వచ్చి చూస్తానన్నాడట. గాలి మారి పడమర కడిగినట్టుంది. నేను తిరిగి ఆగిన చోట, గొట్టం కొసకు నేరుగా, మంజువాణి కంటే ముందు ఆ పెద్దమనిషే చూశాడు. "అదిగో," అన్నాడు నింపాదిగా. ఆ నింపాదికి మాత్రం నాకు ఒళ్ళు మండలేదు. వీర్రాజు అక్కడే చతికిలబడి ఏడ్చేశాడు. శనివారం పెళ్ళి ఖాయమైంది.

వాళ్ళు వెళ్ళాక సిద్ధాంతి గారు కింద వసారాలో కూర్చుని ఫోను తీశారు. ఒక్కొక్క పురోహితుడికీ, గురువారమని అచ్చువేశాం, శుక్రవారం కనబడ్డాడు, ఒక రోజు తప్పాం, దిద్దుకోండి అని చెప్పారు. చివరి ఫోను గున్నేశ్వరరావుకు. ఆయన దీనికోసమే కాచుకున్నట్టున్నాడు. అయితే అనుకున్న ప్రకారం వచ్చే ఏడు ఒక పేరు తీసేద్దామా అని అడిగాడు. ఫోను గొంతు పెద్దది, మేడ మీదికి వినబడింది. మంజువాణి చేతిలో నా ముసుగుగుడ్డ అలాగే ఆగిపోయింది.

"తీసెయ్యండి," అన్నారు సిద్ధాంతి గారు. "మాటంటే మాటే. నా పేరు తీసెయ్యండి. లేనిదాన్ని లేదని చెప్పడానికి మా ఇంట్లో నాకంటే గట్టి మనిషి ఉంది, ఆ పేరు అట్ట మీదికి తెండి."

పైన మంజువాణి, నా మీద కప్పాల్సిన గుడ్డతో మొహం తుడుచుకుంది.