తెల్లపొడి అటకెక్కిన రోజు

నేను ఒక కల్వాన్ని. దుర్గిలో ఒక శిల్పి నన్ను నల్లరాతిలోంచి పదకొండు రోజులు తొలిచాడు. నలుపులో ఎక్కడా చార లేదని మురిసిపోయాడు. రాయి నలుపైతే మురిసే మనుషులు మనిషి నలుపైతే ఎందుకు నసుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నరసరావుపేటలో ఒక వైద్యుడు నాలో మందులు నూరాడు. ఆయన పోయాక నేను నాటకాలకు మేకప్ వేసే రామబ్రహ్మం ఇంటికి చేరాను. ఆయనకు ఒక నియమం ఉండేది. ముందు చెంచాడు తెల్లపొడి కళ్లకద్దుకుని నాలో పోయాలి. తర్వాతే ఏ రంగైనా. ముప్పై ఏళ్లు అలాగే జరిగింది.

ఇప్పుడు ఆయన మనవరాలు అరుంధతి నా యజమాని. ఆమె బ్యూటీపార్లర్ నడుపుతుంది, ఫౌండేషన్ ఇంట్లోనే తయారుచేస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, మైకా పొడిలో రంగులు కలిపి, పలుకు తగలకుండా మెత్తగా నూరుతుంది. పొడిగానే వాడేవాళ్లకు జల్లించి ఇస్తుంది. ద్రవంగా కావాలన్నవాళ్లకు జొజోబా నూనె చుక్కచుక్కగా పోసి మెదుపుతుంది. తెల్లపొడి మాత్రం తాతలాగే కళ్లకద్దుకుని అన్నిటికంటే ముందు పోస్తుంది.

ఒక బుధవారం పొద్దున్నే కోటేశ్వరి అనే నల్లని పిల్ల వచ్చింది. పదకొండింటికి కేబుల్ టీవీ వాళ్లు ఆమెను కెమెరా ముందు వార్తలు చదివించి చూస్తారు. ఇదివరకు ఒకచోట గొంతు బాగుందన్నారు, మొహం బూడిదరంగులో కనబడిందని పంపేశారు. కొట్లో కొన్న ఫౌండేషన్ చేసిన పని అది.

అరుంధతి మొదటి విడత నూరి, దవడ మీద పూసి, గుమ్మంలో ఎండకు నిలబెట్టింది. కోటేశ్వరి అద్దం చూసుకుంది.

"ఏందక్కా ఇది? సున్నం కొట్టిన అరుగులాగున్నా."

అరుంధతి ఎరుపు పెంచింది. సున్నం మీద జాజు పూసినట్టు అయింది. పసుపు పెంచింది. ఇంకా పాడైంది. తొమ్మిదిన్నర దాటింది. కోటేశ్వరి మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, పెతిసారీ ఆ తెల్లది ముందెందుకు పోస్తన్నావు?"

"మా తాతయ్య పోసేవాడే."

"మీ తాతయ్య ఎవరికి పూసేవాడు?"

"దేవుళ్ల వేషాలకి. పెట్రోమాక్స్ వెలుగులో ఆఖరి వరసోళ్లకి కనబడాలిగా."

"నేను దేవతను కాదక్కా. వార్తలు చదవాలి నేను."

అరుంధతి చెంచాలోకి తీసిన తెల్లపొడి మళ్లీ డబ్బాలో పోసేసింది. తర్వాత నన్ను మూడుసార్లు కడిగింది. తెల్లపొడి డబ్బా తీసి అటక మీద పెట్టి, "తాతయ్యా, ఏమనుకోకు" అంది. మైకా వేసింది. పసుపు, ఎరుపు, చిటికెడు నలుపు. నూరింది. నూనె చుక్కలు వేసి మళ్లీ నూరింది. ఇన్నేళ్లలో తెలుపు ముందు పడకుండా నాలో రంగు కలవడం అదే మొదటిసారి.

గుమ్మంలో కోటేశ్వరి దవడ తిప్పితిప్పి చూసుకుంది.

"పూశావా అక్కా?"

"పూశా."

"ఏదీ, కనబడదే!"

"కనబడకూడదే పిల్లా. పద, ఆటో ఎక్కు."

నేనుండే గూట్లోంచి టీవీ కనబడదు. మరుసటి సోమవారం సాయంత్రం అందులోంచి కోటేశ్వరి గొంతు వినబడింది. మాచర్ల రోడ్డులో మరమ్మతులని, నీళ్లు ఒక పూటే వస్తాయని చెబుతోంది. అరుంధతి పని ఆపి నిలబడి విన్నది. తర్వాత మిగిలిన ఫౌండేషన్ సీసా తీసి, చీటీ మీద ఎప్పట్లా రంగు నంబరు వేయబోయి, 'కోటేశ్వరి' అని రాసి అంటించింది.

నిన్న ఒకామె వచ్చి, "టీవీలో పిల్ల రంగుందంటగా, అదియ్యమ్మా" అంది. అరుంధతి ఆమెను గుమ్మంలో ఎండకు నిలబెట్టి చూసింది.

"నీకది కాదు పిన్నీ, ఎరుపు ఇంకాస్త పడాలి. కూర్చో. నీ పేరేంటి?"

పేరు అడుగుతూనే నన్ను కడగడం మొదలుపెట్టింది.