గిన్నె ముట్టని ఐలయ్య

ఆ ఆదివారం కూడా ఐలయ్య బెంచీ మీదినుంచి లేవలేదు.

నెలలో మొదటి ఆదివారం అది, ప్రభు సంస్కారం ఇచ్చే రోజు. మరమగ్గాల మీద బతికే సిరిసిల్ల సాంచాల వాడలోని ఆ చిన్న చర్చిలో అరవై మంది వరసగా ముందుకొచ్చారు. మోకరించి, రొట్టె ముక్క తిని, ఒకే గిన్నెలోంచి తలా గుక్కెడు ద్రాక్షరసం తాగి వెళ్ళారు. మూడో బెంచీలో ఐలయ్య మాత్రం తల వంచుకుని కూర్చుండిపోయాడు. ఇది మూడో నెల. ఆ సంఘంలో ఎవరైనా గిన్నె ముట్టలేదంటే అందరికీ ఒకటే అర్థం: లోపల ఏదో పాపం ఉంది, దేవుడితో ఇంకా తేల్చుకోలేదు.

గిన్నె అంచు తుడుస్తూ పాస్టర్ ప్రసన్నకుమార్ అటు చూశాడు. చూస్తున్నది తనొక్కడే కాదు. ఆఖరి బెంచీలోంచి ఒక కొత్త మనిషి ఐలయ్య వీపునే గమనిస్తున్నాడు.

మూడు వారాలుగా వస్తున్నాడా మనిషి. పేరు వెంకటేశమని, నూలు దుకాణంలో పనని చెప్పుకున్నాడు. చేతిలో మడత నలగని బైబిలు. వెనక భాగంలో ఉండే సువార్త తీయమంటే పుస్తకం మొదట్లో వెతుకుతాడు. పాటలప్పుడు పెదవులు కదుపుతాడు, గొంతు మాత్రం రాదు.

మఫ్టీలో వచ్చిన పోలీసు అనుకున్నాడు ప్రసన్నకుమార్.

ఎనభై తొమ్మిదిలో అలా అనుకోకపోతేనే వింత. మూడు నెలల కింద ఐలయ్య పక్కింటి శంకరయ్య అడవిలో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. సాంచాలు నడుపుకునే మనిషి, నక్సలైట్ల దళంలో కలిశాడు. తల్లిని చూడ్డానికి ఒక్క పూట ఇంటికొచ్చి వెళ్ళాడు, నాలుగో రోజుకు శవమయ్యాడు. కబురు ఎవరో అందించారు. అందించినవాడు ఈ వాడలోనే ఉన్నాడని అన్నలు వెతుకుతున్నారు. అన్నం పెట్టినవాళ్ళెవరని పోలీసులు వెతుకుతున్నారు. శంకరయ్య ఇంటికీ ఐలయ్య ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. పైగా ఐలయ్య గిన్నె ముట్టడం మానేసింది సరిగ్గా ఆ నెలనుంచే.

ఇందులో ప్రసన్నకుమార్ చేసిన పని కూడా ఒకటుంది.

ముప్పై ఏళ్ళవాడు, హైదరాబాదులో క్రైస్తవ వేదాంత విద్య చదివి వచ్చాడు. తాగుడూ సినిమాలే పాపాలని అతను ప్రసంగాలు చేయడు. కూలి కోయడం పాపం, కళ్ళెదుట అన్యాయం చూసి నోరు మూసుకోవడం అంతకన్నా పాపం అంటాడు. ఇది చర్చా, యూనియన్ ఆఫీసా అని సంఘపెద్ద రాజమల్లు ఒకసారి మొహం మీదే అడిగాడు. అడిగిన తర్వాత ప్రసన్నకుమార్ గొంతు ఇంకాస్త పెరిగింది. కిందటి నెల సంస్కారానికి ముందు, చేతులకు నెత్తురంటినవాడు ఈ గిన్నె ముట్టకూడదన్నాడు. అతని మనసులో ఉన్నది కూలి కోసే సేట్లు, పిల్లల్ని కాల్చే తుపాకులు. కానీ సేట్లూ తుపాకులూ ఆ చర్చిలో లేరు. అరవై తలలూ మూడో బెంచీ వైపు తిరిగాయి. ప్రసంగం బాగా తగిలిందని ప్రసన్నకుమార్ ఆ రోజు సంతోషపడ్డాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర వెంకటేశం అతన్ని ఆపి, మూడో బెంచీలో ఆయన ఎందుకు తీసుకోవడం లేదని మెల్లగా అడిగాడు. పోలీసుకు తన నోటినుంచి ఒక్క ముక్క కూడా దొరకకూడదనుకున్నాడు ప్రసన్నకుమార్.

"గది దేవునికీ ఆయనకూ నడుమ ముచ్చట. నాకు చెప్పుకున్నయి నేను బయట పెట్ట," అన్నాడు.

నిజానికి ఐలయ్య అతనికేమీ చెప్పుకోలేదు. చివరి మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోటికి గంభీరంగా తోచింది, అన్నాడు.

"అంటే, ఏదో ఉన్నదన్నట్టు," అని వెంకటేశం చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున మల్లక్క వచ్చింది. ఊరూరూ నడిచి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ, అరవై దాటినా కాళ్ళు ఆగని మనిషి. ఎప్పుడూ గుమ్మంలోంచే నవ్వుతూ పలకరించేది, ఆ రోజు లోపలికొచ్చి తలుపు దగ్గరికేసింది.

"అయ్యగారూ, ఆఖరి బెంచీల కూసునేటాయన పోలీసాయన గాదు. వీర్నపల్లి దిక్కు పోయినప్పుడు సూసిన. అన్నల తరపున తునికాకు రేటు పంచాయితి తెంపింది ఆయనే."

ప్రసన్నకుమార్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు. పోలీసు నుంచి కాపాడుతున్నాననుకుని అన్నలకు తను చెప్పిందేమిటి? ఐలయ్య దగ్గర ఒక రహస్యం ఉందనీ, అది తనకు తెలుసనీ.

ఐలయ్యకు అప్పటికే అన్నల చీటీ వచ్చిందని కూడా మల్లక్క చెప్పింది. గురువారం పన్నెండింటికి కోరుట్ల బస్టాండుకు ఒక్కడే రావాలి. అలాంటి చీటీ అందుకుని వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు ఆ వాడలో ఒక్కరే ఉన్నారు, ఆయన కూడా ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు.

ప్రసన్నకుమార్ వెళ్ళేసరికి ఐలయ్య ఇంట్లోనే ఉన్నాడు. చుట్టూ ఇళ్ళలో సాంచాలు టకటకమని ఆడుతున్నాయి. ఎందుకు గిన్నె ముట్టడం లేదని అడిగితే అతను నేల చూశాడు. రెండోసారి అడిగితే గోడ చూశాడు. చివరికి భార్య ఊర్మిల లేచి, చీరల మడతల్లోంచి గులాబీ రంగు కార్డొకటి తెచ్చి పాస్టర్ చేతిలో పెట్టింది. జగిత్యాల సర్కారు దవాఖానలో టీబీ మందులిచ్చే కార్డు.

"దగ్గితే నెత్తురు పడుతున్నది. ఈడ దవాఖానకు పోతే సేటుకు తెలుస్తది, తెల్లారే సాంచాల మీదికెళ్ళి తీసేస్తడు. అందుకే పదిహేను రోజులకోపారి జగిత్యాల పోయొస్తడు," అంది.

జగిత్యాల బస్సెక్కడం వాడలో చాలామంది చూశారు. అక్కడ పోలీసు అధికారిని కలిసి వస్తున్నాడని కట్టుకథ కూడా అల్లేశారు.

"మరి గిన్నె?" అన్నాడు ప్రసన్నకుమార్. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"ఒక్కటే గిన్నె గదా అయ్యగారూ," అన్నాడు ఐలయ్య. "నా ఎంగిలి పిల్లల తల్లులు తాగుతరు. యాదిరెడ్డి తల్లి ముసలామె గూడ తాగుతది. ఎట్ల ముట్టాలె?" కాసేపు ఆగి, "మీరు పిలిచి అడుగుతరనుకున్న. అడుగుతె చెప్పెటోణ్ణి," అన్నాడు.

మూడు నెలల్లో ప్రసన్నకుమార్ అన్యాయం గురించి పన్నెండు ప్రసంగాలు చేశాడు. నాలుగిళ్ళ అవతల ఉన్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు.

కోరుట్లకు తను వెళ్తానన్నాడు. ఐలయ్య వెళ్తే మాట వినకముందే అడవిలోకి తీసుకుపోతారు, పాస్టర్ మాట కనీసం వింటారు. ఐలయ్య ఒప్పుకోలేదు. జబ్బు సంగతి బయటపడితే సాంచాల పని పోతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. కోరుట్లకు వచ్చే ఒక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పనని ప్రసన్నకుమార్ మాటిచ్చాక, కార్డు తీసుకెళ్ళనిచ్చాడు.

గురువారం మధ్యాహ్నం కోరుట్ల బస్టాండు దుబాయి పోయేవాళ్ళతో, సాగనంపేవాళ్ళతో కిక్కిరిసి ఉంది. తాళ్ళు కట్టిన సూట్‌కేసుల మధ్యనుంచి వెంకటేశం వచ్చాడు. పాస్టర్‌ని చూసి మొహం మార్చలేదు కానీ, చుట్టూ ఒకసారి కలియజూశాడు. ఇద్దరూ టీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నారు. పక్క బల్లల దగ్గర ఇద్దరు మనుషులు టీ చెప్పకుండానే కూర్చోవడం ప్రసన్నకుమార్ గమనించాడు.

ముందుగా తన తప్పు ఒప్పుకున్నాడు. ఐలయ్య తనకేమీ చెప్పలేదని, ఆ రోజు తెలిసినట్టు మాట్లాడింది ఉత్త డాంబికమని చెప్పాడు. తర్వాత కార్డు బల్ల మీద పెట్టాడు.

వెంకటేశం చదివి వెనక్కి నెట్టాడు. "పేరు వేరే ఉన్నది సార్. ఈ లక్ష్మీరాజం ఎవలు?"

కార్డు మీద పేరు ప్రసన్నకుమార్ చూడనే లేదు.

"ఐలయ్య తండ్రి పేరు," అన్నాడు, రెండు క్షణాల తర్వాత గుర్తొచ్చి. "ఎవరికన్న తెలుస్తదని తండ్రి పేరు చెప్పుకున్నట్టున్నడు. ఆయన సచ్చి పదేండ్లయింది."

"పేర్లు ఎన్నయినా రాయించుకోవచ్చు."

"తారీఖులు చూడండ్రి."

వెంకటేశం జేబులోంచి చిన్న కాగితం తీశాడు. ఐలయ్య జగిత్యాల బస్సెక్కిన రోజులన్నీ అందులో ఉన్నాయి. కార్డు మీద నీలం సిరా ముద్రలున్నాయి. వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూశాడు. ఆరింటికి ఆరూ కలిశాయి. పక్క బల్లల దగ్గరి ఇద్దరిలో ఒకడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"సరే. ఐలయ్యకు మాతోని పనిలేదు." కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అతను కొంచెం ముందుకు వంగాడు. "మరి ఐలయ్య గాకుంటే ఇంకొకడున్నడు సార్. మీరు ముంగట నిలబడి అరవై మొకాలు చూస్తరు. ఎవలు వణుకుతున్నరో మీకు తెలుస్తది. చెప్పుండ్రి."

"నాకు తెల్వదు."

"సప్పుడు చేయకుండ కూసునుడు పాపమని మీరే చెప్తిరి గదా."

ఆ మాట ప్రసన్నకుమార్‌దే. దాన్ని ఎటు తిప్పినా మొన తన వైపే వస్తోంది.

"చెప్పిన," అన్నాడు. "తెల్వనిది తెలిసినట్టు చెప్పుడు గూడ పాపమేనని మొన్ననే తెలిసింది. నా నోటికి ఒక మనిషి పోబోయిండు. ఇంకొకణ్ణి నేను చూపియ్య. మీకే గాదు, పోలీసులకు గూడ."

వెంకటేశం అతన్ని కాసేపు పరీక్షగా చూశాడు. "ఆ రోజు మెట్ల కాడ గూడ మీరు గిట్లనే మాట్లాడిన్రు," అని టీ తాగకుండానే లేచాడు. నమ్మాడో లేదో తెలియలేదు. బస్సు వేములవాడ దాటేవరకు, వెనక సీట్లో ఎవరు దగ్గినా ప్రసన్నకుమార్ తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం చర్చి నిండింది. ఐలయ్యకు చీటీ వచ్చిన సంగతి వాడంతా పాకింది, జబ్బు సంగతి మాత్రం పాకలేదు. సంస్కారానికి పిలవగానే అందరూ తోసుకుంటూ లేచారు. నాలుగేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా పక్కపక్కన వచ్చి మోకరించారు. కూర్చుండిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. గిన్నె అందిస్తుంటే వాళ్ళ చేతులు వణకడం ప్రసన్నకుమార్‌కు కనిపిస్తూనే ఉంది. అతను గిన్నె మీదినుంచి కళ్ళెత్తలేదు.

మూడో బెంచీలో ఐలయ్య ఒక్కడే మిగిలాడు. అరవై తలలు మళ్ళీ అటు తిరగబోతున్నాయి.

పాస్టర్ ముందుగా తాగాలి, ఆ రోజు ప్రసన్నకుమార్ తాగలేదు. అందరికీ ఇచ్చాక కూడా తాగలేదు. గిన్నె మీద గుడ్డ కప్పి, వేదిక దిగి, మధ్య దారిలో నడిచి వచ్చి మూడో బెంచీలో కూర్చున్నాడు. సంఘపెద్ద రాజమల్లు పూర్తిగా వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. పాస్టరే గిన్నె ముట్టకపోతే ఇక ఎవరిని ఏమని అనుకోవాలో ఎవరికీ తోచలేదు.

ఐలయ్య నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని గోడ వైపు జరిగాడు.

"గింత దగ్గర కూసోకుండ్రి అయ్యగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "అంటుకుంటది."