సెకిట్టోగారు మోకరించిన రోజు

మా మసాకా ఆసుపత్రికి అరచేతిలో పట్టే స్కాన్ మిషన్ వచ్చిన ఏడాదిని తలుచుకుంటే, ఇప్పటికీ మనసు అక్కడికే పరిగెడుతుంది. అప్పుడు నేను క్యాజువాలిటీలో కొత్త నర్సుని. మా పెద్ద సెకిట్టోగారు. డాక్టరు పట్టా లేకపోయినా ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్న మనిషి. ఆ మిషన్‌ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. దానికంటిన జెల్లీ కూడా తనే తుడుచుకునేవారు. ఆయన చాదస్తానికి చాటుగా ఎంత నవ్వుకునేవాళ్లమో!

ఒక పొద్దున నబ్బోసా అనే కొత్త కోడలిని తెచ్చారు. ఆయాసం, నీలం తిరిగిన పెదాలు. పాత చీటీలో 'వాల్వు జబ్బు, నెలకో పెన్సిలిన్ ఇంజెక్షన్' అని ఉంది. మా వైపు పడుచువాళ్ల గుండెలో తేడా చప్పుడు వినిపిస్తే అందరం కళ్లు మూసుకుని రాసేది అదే. నేనైనా అదే రాసేదాన్ని.

"అంతా వేషాలు, డాక్టరుగారూ," అంది అత్తగారు. "మామగారిని పలకరించడానికి మోకాళ్ల మీద కూర్చుని వంగితే చాలు, దబ్బున పడిపోతుంది. బజారుకెళ్లేటప్పుడు పడదేం?" మా వైపు ఆడవాళ్లు మగవాళ్లని మోకరించే పలకరించాలి, మోకరించే వడ్డించాలి.

సెకిట్టోగారి చెయ్యి ఆగింది. "వంగినప్పుడేనా?"

"వంగినప్పుడే."

పిల్లని వెనక్కి ఆనించి మిషన్ పెట్టి చూస్తే తెర మీద ఏదో మసక. తేలలేదు.

"కొంచెం ముందుకు వంగు తల్లీ. అమ్మాయ్, నువ్వు భుజాలు పట్టుకో. వదిలావో, నీ పని చెప్తా!" అని నామీద కేకేసి, ఆయన సిమెంటు నేల మీద మోకరించి కింద నుంచి మిషన్ ప్రోబ్‌ని ఆమె ఛాతీకి ఆనించారు.

అత్తగారు గుండెలు బాదుకుంది. "అయ్యో, లేవండి! మగవాడు ఆడపిల్ల ముందు మోకరించడమేంటి? మా పరువు పోతుంది!"

"దాని గుండె అక్కడుంటే నేనిక్కడుండాలి కదమ్మా. కాసేపు నోరు మూసుకో."

గుండె ఎడమవైపు పై గదిలో ఒక గడ్డ కనిపించింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఊగుతూ వాల్వులోకి దిగుతోంది. పిల్ల ఇంకొంచెం వంగగానే అది రక్తం దారికి అడ్డం పడింది. నా చేతుల్లో పిల్ల బరువెక్కింది.

"వెనక్కి!" అని అరిచారు. ఆనించగానే ఊపిరి అందింది.

ఆ రోజే రాజధాని కంపాలాలో పెద్దాసుపత్రికి పంపారు. అంబులెన్సులో కోడలు ముందుకు వంగకుండా దారంతా అత్తగారే తన గుండెకి ఆనించుకుని కూర్చుందట. వారానికి ఫోనొచ్చింది. కోడిగుడ్డంత గడ్డ తీసేశారు, పిల్ల బతికింది.

వార్డంతా సంబరం. నేను టీ పట్టుకెళ్తే సెకిట్టోగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"ఇంత మంచి కబురొస్తే ఇలా ఉన్నారేంటండీ?"

"మా ఆవిడ లొవీసాకీ వాల్వు జబ్బనే రాశాను, అమ్మాయ్. నాకు వడ్డించడానికి మోకాళ్ల మీద వంగినప్పుడల్లా పడిపోయేది. పోయి పన్నెండేళ్లయింది."

"అప్పుడీ మిషన్ లేదు కదండీ," అన్నాను.

"మిషన్ లేదు. ఎప్పుడు పడిపోతున్నావే అని అడగడానికి నోరుంది కదా. ఆ నోటితో, పులుసు ఒలకబోశావని తిట్టాను."