ఒంట్లో పెట్టిన వల

నూజెండ్లలో ప్రభావతమ్మ ఇంట్లో అందరూ కూర్చుని భోంచేస్తారు, ఆమె మాత్రం గోడకానుకుని నిలబడే తింటుంది. అలవాటనుకుని ఎవరూ కారణం అడగలేదు. కూర్చుంటే లోపల ముల్లు దిగినట్టుంటుందని ఆమె కూడా చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట గర్భసంచి జారితే ఆపరేషన్ చేయించుకుంది. కోలుకుని మిరపచేలో పనికీ వెళ్లింది. ఈమధ్యే నొప్పి మొదలైంది, ముట్లుడిగాక కూడా చీరకు రక్తపు మరకలు కనబడ్డాయి. ఒకనాడు పక్కలో దగ్గరైనప్పుడు ఏదో గుచ్చుకుందని భర్త కోటేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. మర్నాడే ఆమె మంచం వేరే గదిలో వేసుకుంది. అలిగిందనుకుని ఆయన ముభావంగా ఉండిపోయాడు. ఆమె తల్లి గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. తనకూ అదే వచ్చిందన్న భయం ప్రభావతమ్మను లోలోపల తినేస్తోంది.

దొడ్లో చీర ఉతుకుతూ ఆమె కూలబడినప్పుడు కోడలు వాసంతి చూసింది.

"ఏందత్తా ఈ రక్తం?"

"మెల్లగా మాట్లాడవే. మీ మామ వింటాడు."

"విననీ. ఎన్నాళ్ల నుంచి ఇట్టా?"

"ఆస్పత్రికి మాత్రం తీసకపోమాక అమ్మాయ్. ఆ మాట వాళ్ల నోట వింటే నేను బతకను."

వాసంతి వినలేదు. మామతో కలిసి గుంటూరు తీసుకెళ్లింది. పరీక్షల ఫలితం చెప్పడానికి పిలిచినప్పుడు ముగ్గురూ లోపలికెళ్లారు.

"క్యాన్సర్ కాదు," అంది డాక్టరమ్మ. "జారిన భాగాన్ని ఎత్తిపట్టడానికి అప్పట్లో ప్లాస్టిక్ దారంతో అల్లిన వల పెట్టారు. దాని అంచు కండను ఒరుసుకుని యోనిలోకి పొడుచుకొచ్చింది. కొందరికి ఏళ్ల తర్వాత ఇలా అవుతుంది."

"నా ఒంట్లో వల ఉందా? నాకెవరూ చెప్పలేదే."

కోటేశ్వరరావు తల దించుకున్నాడు. "సంతకం నేనే పెట్టా. ఏం పెడతన్నారో అడగలా."

"తీసేస్తే నొప్పి పోద్దా అమ్మా?" అని ప్రభావతమ్మ డాక్టరమ్మను అడిగింది.

"బయటికొచ్చిన మేరకు తీస్తాను. మిగతాది కండలో కలిసిపోయింది. నొప్పి తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

ఈసారి ప్రభావతమ్మ అన్నీ అడిగి తెలుసుకుని, తన సంతకం తానే పెట్టింది. ఆపరేషన్ తర్వాత రక్తం ఆగింది. నొప్పి కొంత మిగిలింది. లోపల మిగిలిన వల మళ్లీ ఎప్పుడు పొడుచుకొస్తుందోనన్న బెదురు ఆమెను వదల్లేదు. చెప్పిన గడువుకల్లా పరీక్షకు వెళ్లొస్తోంది.

ఒకరోజు పక్కింటి సరస్వతమ్మ, తనకూ గర్భసంచి జారిందని, ఆపరేషనంటే భయమని చెవిలో చెప్పింది.

"నాకూ చానా భయమే వదినా," అంది ప్రభావతమ్మ. "భయపడు, కానీ దాచుకోమాక. ఏ దారులున్నాయో, ఒంట్లో ఏం పెడతారో, తర్వాత ఏమవుద్దో నోరు తెరిచి అడుగు. అది మన ఒళ్లు, అడిగే హక్కు మనదే."