మే నెల చొక్కా

ముప్పైతొమ్మిదో ఏడు నడుస్తున్న వెర్లిన్ లెదర్‌వుడ్ ఇంతవరకూ చెట్టెక్కి ఎరగడు. కొండల్లో పుట్టి, ఇంటి ముందే తాడెత్తు వాల్‌నట్ చెట్టు పెట్టుకుని, ఎక్కలేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా. ఏం చేస్తాడు, ఎక్కనిస్తేగా! ఏటి మడుగులో దిగనివ్వలేదు, గుర్రం ఎక్కనివ్వలేదు, గొడ్డలి చేతికిచ్చింది పదిహేనేళ్ళు దాటాకే. వాళ్ళమ్మ ఆర్ఫా వాణ్ణి కంటికి రెప్పలా కాచిందని లోయలో అందరూ అంటారు. అది చాలా చిన్నమాట. కంటి రెప్ప అప్పుడప్పుడైనా పైకి లేస్తుంది.

దీనికంతటికీ మూలం పట్టా.

1937లో రాష్ట్రం వాళ్ళ కంటికి ఈ బ్లాక్ లారెల్ లోయ మహా అందంగా కనిపించింది. అందంగా కనిపించిందంటే ఇక అయిపోయినట్టే. లోయనంతా పార్కు చేస్తామన్నారు. ఎలుగుబంట్లని కాపాడాలి, చేపల్ని కాపాడాలి, కొండపూలని కాపాడాలి. మనుషుల్ని మాత్రం కాపాడక్కర్లేదు, పంపించేస్తే చాలు. నలభై కుటుంబాలకీ ఒకటే మాట చెప్పారు: ఇచ్చిన ధర తీసుకుని కొండ దిగిపోండి, లేదంటే సగం ధరకే ఒప్పుకుని ప్రాణం ఉన్నంతకాలం ఉండేలా పట్టా రాయించుకోండి. ఇంటికొక్కరి ప్రాణం మీద రాస్తారు. ఆ ఒక్కరూ కన్నుమూసిన అరవై రోజులకి ఇల్లు పార్కుది.

అందరూ ఇంటి పెద్ద పేరు రాయించారు, పద్ధతి ప్రకారం. వెర్లిన్ తండ్రి హోబర్ట్ అలాంటివాడు కాదు. నలభై ఆరేళ్ళ వయసులో ఇరవై రెండేళ్ళ పెళ్ళాంతో కొడుకుని కన్నవాడు, మనిషి నిలువెల్లా మిడిసిపాటే. లోయలో ఉన్న ఒకే ఒక్క దుకాణం ముందు నిలబడి అందరూ వినేలా అరిచాడు.

"ఒరే, మీరంతా ముసలి పేర్లు రాయించుకుని చావండి! నా కొడుకు పుట్టి పదకొండు రోజులు. వాడి పేరు మీద రాయిస్తా. ఎనభయ్యేళ్ళు నా పొగగొట్టం పొగ చూసి ఏడవాలి ఈ పార్కు వెధవలు!"

లోయంతా పడీ పడీ నవ్వింది. హోబర్ట్ బుర్రే బుర్ర అంది. అతను ఆర్ఫాని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళొచ్చాడు, పని జరిగిపోయిందన్నాడు. ఇద్దరికీ చదువు రాదు. వేలు పెట్టి చూపించిన చోటల్లా ఇంటూ గుర్తు పెట్టి వచ్చారు. వెర్లిన్‌కి ఆరేళ్ళప్పుడు హోబర్ట్ కడుపునొప్పితో పోయాడు. పోయినా ఇంటికేం భయం, ప్రాణం ఉయ్యాల్లోంచి దిగి తిరుగుతూనే ఉందిగా అన్నారు అందరూ.

ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లే ఆరిపోయింది. ముసలివాళ్ళు పోయేవారు, అరవై రోజులయ్యేది, పార్కువాళ్ళు కిరసనాయిలు డబ్బాలతో వచ్చి ఇల్లు తగలబెట్టేవారు. దుకాణం పోయింది, బడి పోయింది. చివరికి ఏడు మైళ్ళ లోయలో పొగ లేచే ఇల్లు ఒక్కటే మిగిలింది. మిగిలిందంటే వెర్లిన్ వల్లే. ఆ మాట వాడికి పాలతోపాటు పట్టారు.

ఏటా మే నెల మొదటి సోమవారం పార్కు రేంజరు వచ్చేవాడు, పట్టాదారు బతికే ఉన్నాడని చూసి రాసుకుపోవడానికి. అంతకుముందు రోజే ఆర్ఫా ఎండు ఆపిల్ ముక్కలతో కేకు చేసేది. వెర్లిన్ తెల్లచొక్కా ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. వాడు ఆ చొక్కా తొడుక్కుని వసారా మెట్ల దగ్గర ఛాతీ విరుచుకుని నిలబడేవాడు. ఒక ఏడు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా నిలబడ్డాడు. రేంజరు కోల్బీ మర్యాదస్తుడు, ముందు పెద్దావిడనే పలకరించేవాడు.

"ఏమ్మా ఆర్ఫా గారూ, ఒంట్లో బాగుందా?"

"ఏదో ఇలా ఉన్నా బాబూ. మావాణ్ణి చూశారుగా, రాయిలా ఉన్నాడు."

"ఆఁ, చూశాను, చూశాను," అంటూ కోల్బీ కాగితం మీద టిక్కు పెట్టి, కేకు రెండు ముక్కలు తిని పోయేవాడు. ఆ సాయంత్రం చొక్కా మళ్ళీ పెట్టెలోకి వెళ్ళేది. ఇంకో ఏడాది గండం గడిచింది.

వాడికి మాత్రం కోరికలు లేవా? ఇరవయ్యో ఏట కొండ కింద మేజోళ్ళ మిల్లులో పనిచేసే వెస్టా అనే పిల్ల మీద మనసు పడ్డాడు. ఆ పిల్ల కరెంటు లేని ఇంట్లో, ఒక్క మేకు కొట్టాలన్నా పార్కు అనుమతి కావలసిన ఇంట్లో కాపురం చెయ్యనని తెగేసి చెప్పింది. మిల్లులో ఉద్యోగం ఉంది, నువ్వే రా అంది. వెర్లిన్ తల్లిని అడిగాడు. ఆర్ఫా తలకి గుడ్డ చుట్టుకుని ఏడు మైళ్ళు నడిచి పార్కు ఆఫీసుకి వెళ్ళింది. పొద్దు వాలేసరికి తిరిగొచ్చి, గడపలోనే కూలబడింది.

"అడిగొచ్చాను నాయనా. నువ్వు తొంభై రోజులు ఇక్కడ లేకపోతే పట్టా రద్దవుతుందట. పోతానంటే పో. మీ నాన్న పక్కన నాకో గొయ్యి తవ్వించి మరీ పో."

వాడు పోలేదు. వెస్టా ఒక మిల్లు ఫోర్‌మన్‌ని చేసుకుంది. ఆమెకి ముగ్గురు పిల్లలని ఎవరో చెప్పారు. వెర్లిన్ ఆ రోజు మొక్కజొన్న చేలో ఉన్న కలుపంతా తీసేసి, కలుపు కాని మొక్కలు కూడా కొన్ని పీకేశాడు.

ఈ ఫిబ్రవరిలో ఆర్ఫాకి నిమ్ము చేసింది. బయట మూడు రోజులుగా మంచు, దాని మీద వాన పడి గడ్డకట్టి దారంతా అద్దంలా ఉంది. ఆవిడ ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లి గురక పెట్టినట్టుంది. వెర్లిన్ కోటు తొడుక్కుని పాత ట్రక్కు తాళంచెవి అందుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"డాక్టరు కోసమే. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా."

"ఈ మంచులోనా? ఆ మలుపు దగ్గర బండి జారిందంటే ఎముక దొరకదు. కూర్చో."

"అమ్మా, నీకు ఊపిరి ఆడటం లేదే!"

"నాదేముందిరా, పోయే ప్రాణం. నువ్వు పోతే ఇల్లు పోతుంది. ఈ ఇంటి ప్రాణం నువ్వు. కూర్చోమన్నానా!"

అంత జ్వరంలోనూ ఆవిడ వాడి కోటు చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాడు కూర్చున్నాడు. మూడు రోజులు ఆవిరి పట్టాడు, ఉల్లిపాయ కట్టు కట్టాడు, మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు. నాలుగో రోజు ఎండ వచ్చి మంచు కరిగాక వెళ్ళి కింద ఊళ్ళో ఉన్న మేనత్త మోసీని, డాక్టరుని వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి గంట అయింది ఆవిడ పోయి. ఒక్కరోజు ముందు తెచ్చుంటే సూదిమందుకి తగ్గిపోయేదని ఆ డాక్టరు పెద్దమనిషి చెప్పనే చెప్పాడు. చెప్పకపోతే ఆయన సొమ్మేం పోయింది?

ఆ కొండల్లో ఆడవాళ్ళు తమ శవానికి తొడగాల్సిన బట్టలు తామే కుట్టుకుని పెట్టెలో దాచుకుంటారు. మనిషి బతికుండగా ఆ పెట్టె ఇంకొకళ్ళు తెరిస్తే కీడు. మోసీ అత్త శవానికి నీళ్ళు పోసి, పెట్టె తెరిచి, నల్లగౌను బయటికి తీసింది. దాని అడుగున మైనపు గుడ్డలో చుట్టిన కాగితం ఉంది.

"ఒరే వెర్లినూ, ఇదేదో నీ పట్టాలా ఉందిరా. నాకేం అక్షరం ముక్క రాదు. చూడు."

వెర్లిన్‌కి చదువు వచ్చు, నిదానంగా. గింజల కంపెనీ జాబితాలు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ కాగితాన్ని చదవాలని ఎప్పుడూ తోచలేదు. ఉందని తెలుసు, తన పేరుందని తెలుసు, చాలదూ? కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏమిట్రా, అలా పాలిపోయావు?"

"అత్తా, ఇందులో నా పేరు లేదు."

"లేకపోవడమేమిట్రా, మా అన్నయ్య రాయించాడుగా!"

"అమ్మ పేరుంది. ఆర్ఫా లెదర్‌వుడ్ ప్రాణంతో ఉన్నంతకాలం అని ఉంది."

మోసీ అత్త గౌను పట్టుకుని అలాగే నేల మీద చతికిలబడింది. పాలు తాగే పిల్లాడి పేరు మీద పట్టా రాయబోమని ఆఫీసువాళ్ళు అనుంటారు. ఇంట్లో వాడి తర్వాత చిన్నది ఆర్ఫాయే. దుకాణం ముందు అంత గొప్పలు పోయి వచ్చాక, రాయలేదని ఎలా చెప్పుకుంటాడు హోబర్ట్? తల కొట్టేసినట్టవదూ! నోరు మూసుకున్నాడు, మూసుకునే చచ్చాడు.

"పాపం, దానికీ తెలీదురా. చదువొస్తే కదా! ఎంత పని చేశాడురా మా అన్నయ్య!" అని అత్త ముక్కు చీదుకుంది.

వెర్లిన్ కూడా అదే అనుకున్నాడు. పాపం అమ్మకి తెలీదు. తెలిసుంటే ఆ రోజు తనని ట్రక్కు దగ్గరికి తరిమేది. కాచాల్సిన ప్రాణాన్ని మంచంలో వదిలేసి, అక్కర్లేని ప్రాణాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాచుకున్నారు ఇద్దరూ. తండ్రిని తిట్టుకున్నాడు. సమాధి తవ్వుతూ తిట్టుకున్నాడు, పూడుస్తూ తిట్టుకున్నాడు. తల్లి శవపెట్టెని ఆయన పక్కనే దింపాల్సి వచ్చినందుకు మరీ తిట్టుకున్నాడు.

పూడ్చిన ఐదోరోజు రేంజరు కోల్బీ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చంకలో దస్త్రం ఉంది.

"మంచి మనిషి వెర్లిన్, మీ అమ్మ. ఆ కేకు మళ్ళీ ఎక్కడా తినలేం."

"ఎన్నాళ్ళుంది నాకు?"

"అరవై రోజులు. ఏప్రిల్ ఆఖరికల్లా." కోల్బీ ఇబ్బందిగా ఇంటివైపు చూశాడు. "ఇల్లు తీసేస్తారు. ఆ దుంగల పందికొట్టం మాత్రం ఉంచుతారట. అది వందేళ్ళ నాటిదిగా, వచ్చేవాళ్ళకి చూపించడానికి."

"ఏమని చూపిస్తారు?"

"పాతకాలం వాళ్ళు ఇలా బతికేవారని బోర్డు పెడతారు."

పందులు బతికాయందులో. వెర్లిన్‌కి నవ్వొచ్చింది కానీ పెదాల దాకా రాలేదు.

"కోల్బీ గారూ, ఒక్క సంగతి. మా అమ్మకి ఈ పట్టా తన పేరునుందని తెలీదు. పాపం చదువు రాని మనిషి. మీలో ఒక్కరైనా ఒక్కమాట చెప్పుంటే ఆవిడ బతికేది."

కోల్బీ ముఖం అదోలా అయింది. "తెలీకపోవడమేమిటి?" అని దస్త్రం విప్పి, పాతబడి పసుపు పచ్చనైన కాగితం ఒకటి వెతికి తీశాడు. చదివి వినిపించాడు. "1957 ఆగస్టు 12. పట్టాదారు ఆర్ఫా లెదర్‌వుడ్ ఆఫీసుకి వచ్చింది. కొడుకు పనికోసం బయటికి పోతే పట్టా పోతుందా అని అడిగింది. పట్టా ఆమె ప్రాణం మీదే ఉందనీ, కొడుకు ఎక్కడికి పోయినా ఇబ్బంది లేదనీ చెప్పాం. రెండుసార్లు చెప్పించుకుని వెళ్ళింది."

రెండుసార్లు చెప్పించుకుందట. ఏడు మైళ్ళు నడిచి వెళ్ళి, రెండుసార్లు చెప్పించుకుని, ఏడు మైళ్ళు నడిచొచ్చి, గడపలో కూలబడి తొంభై రోజులని చెప్పింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు చొక్కాకి గంజి పెట్టింది. చివరికి ఊపిరాడని రోజున కూడా, తను పోతే ఇల్లు పోతుందని తెలిసుండి కూడా, కోటు చెయ్యి వదల్లేదు. ఇల్లు పోయినా సరే, కొడుకు కొండ దిగకూడదనుకుందా? ఆ మలుపులో నిజంగానే వాడు పడిపోతాడని భయపడిందా? లేకపోతే పంతొమ్మిదేళ్ళు అబద్ధమాడి, ఇప్పుడు నిజం చెప్పి వాడి మొహం చూడలేక, ఇంతకంటే చావే నయమనుకుందా? అడుగుదామంటే ఐదురోజుల కిందటే మట్టి వేసేశాడు.

"అయితే ఏటా మే నెలలో మీరు వచ్చింది..."

"ఆవిణ్ణి చూడ్డానికే."

"మరి నేను? అన్నేళ్ళూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈ మెట్ల దగ్గర నిలబడ్డానే. నా గురించి ఏం రాసుకునేవారు?"

కోల్బీ టోపీ అంచు తిప్పుకున్నాడు. "నీ గురించా? ఏం లేదు వెర్లిన్. ఎవరైనా ఇంటికొస్తే ముచ్చటగా తయారవుతావు కాబోలు అనుకునేవాణ్ణి."

వెర్లిన్ ఇంట్లోకి పోయాడు. పెట్టెలోంచి తెల్లచొక్కా తీసి తొడుక్కున్నాడు. మే నెల రాలేదు, ఇంకా మార్చి చలి. బయటికొచ్చి కోల్బీని దాటుకుని నేరుగా వాల్‌నట్ చెట్టు దగ్గరికెళ్ళి, మొదటి కొమ్మని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎలా ఎక్కాలో తెలీదు. మోకాలు దోక్కుపోయింది, చొక్కా చంకలో చిరిగింది, రెండుసార్లు జారి కిందపడ్డాడు. మూడోసారి ఆ కొమ్మ మీదికి బోర్లా పాకి, రొప్పుతూ లేచి, ఇంకో కొమ్మకి చెయ్యి వేశాడు. తర్వాత ఇంకోదానికి. చెట్టు సగం దాటేసరికి కొమ్మలు సన్నబడి వాడి బరువుకి ఊగడం మొదలుపెట్టాయి.

"ఓయ్ వెర్లిన్, దిగవయ్యా! ఆ కొమ్మ ఆగదు! పడి చస్తావ్!" అని కోల్బీ టోపీ పారేసి చెట్టు కిందికి పరుగెత్తాడు.

వెర్లిన్ అక్కణ్ణుంచి కిందికి చూశాడు. కప్పు కనిపించింది, పొగగొట్టం కనిపించింది. దాన్నుంచి పొగ రావడం లేదు.

"చస్తే చస్తాను," అన్నాడు. "ఇప్పుడు నేను చస్తే పోయేదెవరి ఇల్లు?"